కుక్క నోట పడిన కోడి



కోడిని కుక్క పట్టినప్పుడు ఏమి చేయవలెనో ఈ శీర్షికలో వ్రాయుమని మా సంఘములోని తల్లులు చాలా కాలముగా అడుగుచున్నారు. ఈ ప్రశ్నను ఎవరును తీరికగా కూర్చుండి అడుగరు. చీకటి పడు వేళ, చెంగులో కోడిని చుట్టుకొని వచ్చి, మందిర ఆవరణము గేటు దగ్గర నిలువబడి, "అయ్యగారండీ, ఇది బతుకుద్దంటారా, కోసేయమంటారా?" అని అడుగుదురు. ఆ వేళకు పశువుల ఆసుపత్రి మూసియుండును. వెంట వచ్చిన నలుగురిలో ముగ్గురు కోయుమందురు, ఒకరు పసుపు అద్దుమందురు. కోడి మాత్రము కన్నులు మూసికొని మెడ వ్రేలవేసి యుండును.

మేము చదివినది వేదాంత డిప్లొమాయే గాని పశువైద్యము కాదు. అయినను పల్లెటూరి సంఘములలో కాపురమున్న ఈ ఇరువది యేండ్లలో మా పెరటిలో కోళ్లు లేని సంవత్సరము లేదు. వాటిమీద కుక్కయో, బావురుపిల్లియో, ముంగిసయో పడని సంవత్సరమును లేదు. పశువైద్యులు దయతో నేర్పినవి కొన్ని, మా ఇంటివారి చేతి అనుభవము కొంత కలిపి వ్రాయుచున్నాము. మేము చూచినంతలో, కుక్క నోటినుండి ప్రాణముతో బయటపడిన కోళ్లు పంటిగాటువలన చచ్చుట తక్కువ. ఆ రాత్రి తగిలిన చలివలన, నోటిలో పోసిన నీళ్లవలన, కడుగకుండ కట్టిన కట్టువలన, మూడవ దినమున వ్రాలిన ఈగలవలన చచ్చుట ఎక్కువ. ఇవన్నియు మన చేతిలోని సంగతులే.

ఒక కోడి కొరకు ఇంత ప్రయాస ఎందుకని పట్టణములో నున్నవారు అనుకొనవచ్చును. నాటు పెట్ట ఏడాదికి 60 మొదలు 80 వరకు గుడ్లు పెట్టును. వాటిలో కొన్ని పొదిగించి పిల్లలు చేయించి అమ్ముకొన్న డబ్బే కొందరు తల్లులకు ఎవరిని అడుగనక్కరలేని డబ్బు. మనవడి పుస్తకమైనను, కానుక సంచిలో వేయు పది రూపాయలైనను అందులోనివే. హైదరాబాదులోని రాజేంద్రనగరమున ఉన్న కోళ్ల పరిశోధనా సంస్థవారు పెరటి పెంపకమునకని తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ జాతులు ఇప్పుడు చాలా ఇండ్లలో ఉన్నవి. వనరాజ కోడి బరువైనది. నాటుకోడివలె ఒక్క ఎగురున గోడ ఎక్కలేదు. కుక్కకు అది సులువుగా దొరుకును.

ఒక సంగతి చెప్పిన యెడల తక్కినది విశదమగును. రెండేండ్ల క్రిందట వర్షాకాలములో ఒక సాయంత్రము, మా పేటలోని ఒక మామ్మగారు తన మూడు పెట్టలలో ఒకదానిని తువ్వాలులో చుట్టుకొని వచ్చినారు. వెంట ఎనిమిదేండ్ల మనవడు ఉన్నాడు. వీధిలోని కుక్క పెట్టను పట్టుకొని విదిలించుచుండగా ఆ బాబే లాగి విడిపించినాడట. పెట్ట వీపుమీద అరచేతి వెడల్పున చర్మము చీలి, వెనుకకు మడతపడి యున్నది. ఈకలు తడిసి, నెత్తుట అంటుకొనియున్నవి.

"దీని తోటిది అయిదొందలకు అడిగారండీ మొన్న. ఇప్పుడు కూరకైనా పనికొస్తే చాలండీ," అని మామ్మగారు అన్నారు.

"ముందు లోపలికి తీసుకురండి మామ్మగారూ. కోయడానికి తొందరేముంది?" అన్నాము.

మొదట నెత్తురు ఆపవలెను. కిలోన్నర తూగు కోడిలో మొత్తము నెత్తురు సుమారు 100 మిల్లీలీటర్లు, అనగా ఒక చిన్న టీ గ్లాసెడు. కాబట్టి మనకు కొంచెముగా కనబడినది దానికి కొంచెము కాదు. శుభ్రమైన గుడ్డను మడిచి గాయముమీద ఉంచి, అయిదు నిమిషములు కదపకుండ అదిమి పట్టవలెను. ఆగినదా లేదా అని మాటిమాటికి ఎత్తి చూచినచో కట్టిన గడ్డ ఊడివచ్చును. అదుముట గాయము మట్టుకే గాని రొమ్మును రెండు చేతులతో బిగించి పట్టరాదు. మనకున్నట్లు కోడికి ఊపిరిని నడిపించు పొర రొమ్ము క్రింద లేదు. రొమ్ము ఎముక ముందుకు వెనుకకు కదలుటచేతనే అది గాలి పీల్చును. ఆ ఎముకను కదలనీయక పట్టినయెడల మన చేతిలోనే ఊపిరాడక చచ్చును. కట్టు కట్టువారు కూడ ఇది మరువరాదు.

తరువాత చీకటి, వెచ్చదనము, నిశ్శబ్దము. ఈ మూడును మందుకంటె ముందు. కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. మన ఒంటికంటె నాలుగు డిగ్రీలు ఎక్కువ. కనుక బాగున్న కోడి మన చేతికి ఎప్పుడును వెచ్చగానే తగులవలెను. కాళ్లు, రెక్కల క్రింది భాగము చల్లగా తగిలినచో అది బెదరుచేతను నెత్తురు పోవుటచేతను క్రుంగిపోవుచున్నదని అర్థము. అట్టపెట్టెలో ఎండుగడ్డి గాని పాత చీర గాని పరచి, గాలి ఆడుటకు ప్రక్కలకు రంధ్రములు చేసి, దానిలో ఉంచి పైన గుడ్డ కప్పవలెను. వానకాలములోను, చలికాలములోను వేడినీళ్లు నింపిన సీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన పెట్టవచ్చును. పూర్వము 40 వాట్ల బల్బు వ్రేలాడదీసెడివారము, ఇప్పటి ఎల్.ఇ.డి. బల్బు వెలుతురే గాని వేడి నియ్యదు. మే నెలలో అయితే ఇవేవియు అక్కరలేదు. నీడ, గాలి ఉన్న చోటు చాలును.

ఇక నీళ్లు. పడిపోయిన మనిషి నోట నీళ్లు పోయు అలవాటుచొప్పున కోడి ముక్కు విప్పి గ్లాసుతో పోయుదురు. కోడి నాలుక మొదటనే గాలిగొట్టపు రంధ్రము తెరచుకొని యుండును. పోసిన నీరు తిన్నగా ఊపిరితిత్తులలోనికి పోవును. కోడి రెండుసార్లు తల విదిలించి చనిపోవును; కుక్కకాటుకు చచ్చెనని అందరును అనుకొందురు. తనంతట తాను తల నిలుపలేని కోడికి ఏమియు పట్టరాదు. తల నిలిపిన తరువాత ముక్కు ప్రక్కన వ్రేలితో ఒక్కొక్క బొట్టు తాకించినచో అదే చప్పరించును. లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపిన నీరు మంచిది. బిడ్డలకు విరేచనములైనప్పుడు మనము కలుపునది అదే.

ఆ సాయంత్రము పెట్టను పెట్టెలో ఉంచి, చేతులు కడుగుకొనుటకు బావి దగ్గరకు వచ్చితిమి. అప్పుడు మా గృహిణి ఆ బాబు చేతిని పట్టుకొని దీపము దగ్గరకు తీసికొనివచ్చినది. మణికట్టుపైన గీతవలె ఒక గాటు, దానిలో ఎండిన నెత్తురు. "కోడిదమ్మా అది, నాది కాదు," అని వాడు చేతిని వెనుకకు లాగుకొన్నాడు. కడిగి చూడగా గాటు వానిదే. కుక్క పన్ను గీసినది.

పాఠకులారా, కోడికి వైద్యము చేయు ఇండ్లలో తరచుగా మరుగునపడునది ఇదే. కోడిని విడిపించుటకు పోయినవారు చిన్నబిడ్డలైనచో, తిట్టుదురను భయముచేత తమ గాయమును చెప్పరు. పెద్దవారైనచో గోటి గీతేలే అని విడిచిపెట్టుదురు. రేబిస్ అను పిచ్చికుక్క వ్యాధి పాలిచ్చు జంతువుల వ్యాధి. కోడినిబట్టి భయపడవలసినది లేనట్టే. కాని కుక్క చొంగ కోడి ఈకలమీద తడిగా ఉండగా, చేతిపై పుండు గాని కోత గాని ఉన్నవారు దానిని తడిమినచో ఆ చొంగ వారికి తగిలినట్టే. ఆ వ్యాధి లక్షణములు బయటపడిన తరువాత బ్రదికించు మందు లేదు. బయటపడక ముందు టీకా వేయించుకొన్నచో కాపాడబడుదురు.

గాయమును సబ్బుతో, ధారగా పడు నీటి క్రింద 15 నిమిషములు కడుగవలెను. గడియారము చూచి కడుగవలెను. లేనియెడల రెండు నిమిషములే పదిహేనుగా తోచును. పసుపు, కారము, సున్నము, కాఫీ పొడి ఏదియు పెట్టరాదు. కట్టు కట్టరాదు. తరువాత ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెను. అక్కడ టీకా ఉచితము. చర్మములోనికి వేయు టీకాను 0, 3, 7, 28 దినములలో వేయుదురు. 0 అనగా మొదటి సూది వేసిన దినము. నెత్తురు వచ్చిన గాటు అయినచో టీకాతోపాటు గాయము చుట్టును వేయు సీరము కూడ అవసరము. దానిని అడిగి వేయించుకొనవలెను.

మామ్మగారు ఒక పట్టాన ఒప్పుకొనలేదు. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులండీ, పసోడు తట్టుకోలేడండీ," అని ఏడ్చినారు. ఆమె చిన్నతనములో చూచినది నిజమే. గొఱ్ఱె మెదడునుండి తయారైన ఆ పాత టీకా 2004 చివరితో మన దేశములో నిలిపివేయబడినది. ఇప్పుడు వేయునది భుజముపైన చిన్న సూది. ఈ మాట మన ఇండ్లలోని పెద్దలకు ఎవరైనను చెప్పవలెను. ఆ పద్నాలుగు సూదుల భయము నేటికిని బిడ్డలను ఆసుపత్రికి పోనీయక ఆపుచున్నది.

కుక్క ఎవరిదో తేలవలసి వచ్చినది. కరచిన కుక్కను పది దినములు కట్టి కనిపెట్టి యుండవలెను. అందులో అది చచ్చినను, నడవడి మారినను వెంటనే వైద్యునికి చెప్పవలెను. దానికొరకు టీకాను ఆపరాదు. ఆ కుక్కకు అన్నము పెట్టునది మా సంఘములోని కుటుంబమే. మొదట "మాది కాదండి, వీధి కుక్కండి" అన్నారు. కోడి ఖరీదు కట్టవలసి వచ్చునని వారి భయము. కోడి సంగతి తరువాత, పిల్లవాని సంగతి ముందు అని చెప్పినప్పుడు ఇంటాయన లేచి గొలుసు వెదకినాడు. మా అభిప్రాయము మాత్రము ఇక్కడ వ్రాయక తప్పదు: రోజూ అన్నము పెట్టిన కుక్క కోడిని పట్టిన దినమున వీధి కుక్క కానేరదు.

మరల పెట్ట దగ్గరకు వత్తము. అరగంట చీకటిలో ఉన్న తరువాత తల నిలిపినది. అప్పుడు తువ్వాలులో చుట్టి, దీపము దగ్గర పెట్టుకొని వెదకితిమి. కనబడు పెద్ద గాయముకంటె కనబడని చిన్న గాట్లు ప్రమాదకరమైనవి. ఈకలను ఎదురుగా ఊదినచో అవి విడిపోయి చర్మము కనబడును. రెక్కల క్రింద, తొడల లోపల, తోక క్రింద తప్పక చూడవలెను. కుక్క పండ్లు పైన ఒక వైపు దిగినచో క్రింద మరియొక వైపు కూడ దిగియుండును. ముంగిస, బావురుపిల్లి ఎక్కువగా మెడను, తలను పట్టును. గద్ద అయినచో వీపుమీద గోళ్లు దిగును. ఈ పెట్టకు ఎడమ రెక్క క్రింద రెండు రంధ్రములు కనబడినవి. మెడ క్రింద గింజలు నిలువయుండు సంచి చిల్లిపడినదేమో కూడ చూచుకొనవలెను. అట్లయినచో త్రాగిన నీరు గాయములోనుండి కారును. అది ఇంటిలో బాగుచేయునది కాదు.

కడుగుటకు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు, అనగా సుమారు చెంచాన్నర, కలిపి గోరువెచ్చగా వాడవలెను. మెడికల్ షాపులో 20 మిల్లీలీటర్ల సిరంజి తెచ్చి, సూది తీసివేసి, ఆ నీటిని గాయములోనికి ధారగా కొట్టవలెను. మట్టి, ఈక ముక్కలు, గడ్డి అన్నియు వచ్చువరకు కొట్టవలెను. మేము ఆ రాత్రి లీటరు నీరును వాడితిమి. గాయము చుట్టును ఈకలను కత్తెరతో కురచగా కత్తిరింపవలెను గాని పెరుకరాదు. కోడి చర్మము పలుచని కాగితమువంటిది, ఈకతోపాటు చిరుగును. ఆఖరున బెటాడిన్‌ను నీటిలో పలుచని టీ రంగు వచ్చునట్లు కలిపి దానితో ఒకసారి కడిగిన చాలును. చిక్కని డెట్టాలు, కిరసనాయిలు, పొగాకు, బూడిద, బండి నూనె ఇవన్నియు మేము చూచితిమి. వీటిలో ఒకటియు గాయమును మాన్పదు. కొన్ని కోడిని చంపును. నురుగు వచ్చు హైడ్రోజన్ పెరాక్సైడును ప్రతి దినము వాడినచో క్రొత్తగా పుట్టు కండ కూడ కాలిపోవును. పసుపునుగూర్చి అడుగుదురు. కడుగని గాయముమీద పసుపు అద్దుట మట్టిమీద సున్నము వేసినట్టే. కడిగిన తరువాత గాయపు అంచులకు పలుచగా రాసినచో తప్పు లేదు.

పంటిగాట్లను ఇంటిలో సూది దారముతో కుట్టరాదు. పైన మూసికొని లోపల చీము పట్టును. మరునాడు పది గంటలకు పెట్టను పశువుల ఆసుపత్రికి పంపితిమి. డాక్టరుగారు చచ్చిన అంచును కత్తిరించి, మడతపడిన చర్మమును ముందువైపు రెండు కుట్లతో నిలిపి, వెనుకవైపు నీరు కారుటకు తెరచియుంచినారు. అయిదు దినములకు యాంటిబయోటిక్ ఇచ్చినారు. ఈ మందు వాడినన్ని దినములును, ఆ తరువాత వారు చెప్పినన్ని దినములును ఆ కోడి గుడ్లు తినరాదు. మందును మనమే దుకాణములో అడిగి కొని వేయుట మంచిది కాదు. కోళ్లకు వాడుచు వచ్చిన కొలిస్టిన్ అను మందును, మనుష్యులకు కడపటి ఆధారముగా మిగిలిన మందు అదేయగుటచేత, 2019లో ప్రభుత్వము తినుటకు పెంచు జంతువులకు నిషేధించినది. మనుష్యులు మింగు నొప్పి మాత్రలు కూడ వేయరాదు. వాటిలో ఒకటైన డైక్లోఫెనాక్, మందు పడిన పశువుల కళేబరములను తిన్న రాబందులను మన దేశములో దాదాపు తుడిచిపెట్టినది. 2006లో దానిని పశువులకు వాడుట నిషేధించినారు. ఆసుపత్రి దూరమైనవారు 1962 నంబరుకు ఫోను చేయవచ్చును. తెలంగాణలో 2017నుండియు, ఆంధ్రప్రదేశ్‌లో 2022నుండియు ఈ నంబరుతో సంచార పశువైద్య వాహనములు తిరుగుచున్నవి. పశువులకు ఉద్దేశించినవే అయినను కోడి సంగతి అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.

పిల్లి జాతి పట్టినదైనచో ఆసుపత్రికి పోవుట మరింత త్వరగా జరుగవలెను. పిల్లి పన్ను సూదివలె సన్నము. రంధ్రము పైన మూసికొనును, లోపల క్రిములు పెరుగును. పిల్లుల, కుక్కల నోళ్లలో నివసించు పాశ్చురెల్లా అను క్రిమి కోళ్లకు కలరావంటి తెగులు తెచ్చునదే. దానికి ఆ పేరు లూయీ పాశ్చర్‌గారినిబట్టి వచ్చినది. ఆయన 1880 ప్రాంతములో కోళ్ల కలరాకు టీకా చేసి, 1885లో కుక్క కరచిన ఒక బాలునికి మొదటిసారి రేబిస్ టీకా వేయించినారు. ఆ సాయంత్రము మా ఇంటి పంచలో ఉన్న ఇద్దరు రోగులును ఆయనకే ఋణపడియున్నారని తరువాత మాకు తోచినది.

మూడవ దినము ఉదయముననే మామ్మగారు ఏడ్చుచు వచ్చినారు. "కుళ్లిపోయిందండీ, వొళ్లంతా పచ్చగా అయిపోయిందండీ." చూడగా గాయము చుట్టును చర్మము ఆకుపచ్చగా ఉన్నది. ఇది చూచియే చాలామంది ఆశ వదలుకొని కోయుదురు. కమిలినచోట మనుష్యుని చర్మము మొదట నల్లబడి, తరువాత ఆకుపచ్చగా, పసుపుగా మారును. కోడి ఒంటిలో ఆ ఆకుపచ్చని పసుపుగా మార్చు పదార్థము లేదు. కావున కమిలిన కోడి ఆకుపచ్చగానే కనబడి, కొన్ని దినములకు అదే తగ్గును. కుళ్లినదో లేదో రంగునుబట్టి కాదు, వాసననుబట్టి తెలిసికొనవలెను. దుర్వాసన, చల్లగా తగులు నల్లని చర్మము, చీము ఇవి కుళ్లు గుర్తులు. ఈ పెట్టకు అవేవియు లేవు. పైగా పెట్టెలో రెట్ట వేసియున్నది. రెట్ట వేయు కోడి బ్రదుకు కోడి.

ఇంకొక పెట్ట సంగతి ఇక్కడ చెప్పవలెను. పిల్లి పట్టిన రెండవ దినమున దాని మెడ, రొమ్ము బూరవలె ఉబ్బినవి. వ్రేలితో నొక్కినచో చర్మము క్రింద చిటచిటమనెను. చీము అనుకొని కోయబోయినారు. అది గాలి. కోడి ఒంటిలో ఊపిరితిత్తులతోపాటు గాలి సంచులు ఉండును. వాటిలో ఒకటి చిరిగినయెడల గాలి చర్మము క్రిందికి వచ్చును. కొంచెమైనచో కొన్ని దినములలో దానంతట అదే తగ్గును. మిక్కిలి ఉబ్బినచో డాక్టరుగారు సూదితో గాలి తీయుదురు.

ఈగల సంగతి. వానకాలములో ఒక ఈగ గాయముమీద వ్రాలినచో ఒక్క దినములోనే పురుగులు పుట్టును. ఈకల క్రింద అవి ఉన్నట్లు పైకి తెలియదు. కోడి ముడుచుకొని కూర్చుండును, ఒక విధమైన తీపి కంపు కొట్టును. పగటివేళ పెట్టెమీద దోమతెర కప్పుట అన్నిటికంటె చవకైన వైద్యము. ఉదయము, సాయంకాలము గాయమును చూడవలెను. కడుగుట దినమునకు ఒకసారి చాలును. గాయపు చుట్టును, లోపల పడకుండ, కొద్దిగా వేపనూనె రాసినచో ఈగలు దూరముగా ఉండును. పురుగులు పడినచో పట్టకారుతో ఒక్కొక్కటి తీసి, ఉప్పునీటిని ధారగా కొట్టి, మరల సాయంకాలము వెదకవలెను. పశువుల పుండ్లలో పోయు టర్పెంటైను తైలము కోడికి పోయరాదు. సీతాఫలపు ఆకు పసరు మన పల్లెలలో వాడుదురు గాని, గింజల పొడి మాత్రము దగ్గరకు తీయవద్దు; అది కంటిలో పడినచో కోడికైనను మనకైనను కన్ను పాడగును.

మేతకు తొందరలేదు. మొదటి దినము నీరు చాలును. తరువాత మెత్తని అన్నములో ఉడికిన గుడ్డు చిదిపి కలిపి పెట్టవలెను. కోడికి కోడిగుడ్డా అని నవ్వుదురు. క్రొత్త చర్మము పుట్టుటకు దానికి మించిన మేత మన వంటింటిలో లేదు. చోళ్ల అంబలి, నానిన నూకలు కూడ తినును. తక్కిన కోళ్లను దగ్గరకు రానీయరాదు. ఎఱ్ఱగా కనబడిన చోటునెల్ల అవి పొడుచును. కుక్క మిగిల్చినదానిని తోడి కోళ్లు చంపుట మేము చూచితిమి. పుంజును మరింత దూరముగా ఉంచవలెను, అది ఎక్కునది గాయమున్న వీపుమీదనే గదా. అట్లని వేరే ఇంటిలో దాచరాదు. గంప క్రింద, తక్కిన కోళ్లకు కనబడుచోట ఉంచినయెడల తమలో ఒకటిగానే చూచుకొనును. మానిన తరువాత చీకటి పడినప్పుడు గూటిలో కలిపినచో తెల్లవారి పోట్లాట తక్కువగా ఉండును.

అన్ని కోళ్లను బ్రదికింపవలెనని మేము చెప్పుటలేదు. ప్రేగులు బయటపడి చిరిగినవి, వెన్ను విరిగి రెండు కాళ్లును ఆడనివి, తల నలిగినవి, నోరు తెరచి ఊపిరికి ఎగబడునవి, వీటిని రాత్రంతయు ఉంచుట జాలి కాదు. చేయి తిరిగినవారిచేత ఒక్క వేటున ముగింపవలెను. దానిని తినవచ్చునా అని కాపరి గనుక మమ్మును అడుగుదురు. అడవిమృగము చీల్చిన మాంసమునుగూర్చి నిర్గమకాండము 22వ అధ్యాయములో ఆజ్ఞ ఉన్నదని వారికే తెలియును. తెలిసియే అడుగుదురు, ఎందుకనగా ఇంటిలో కూర లేదు. మేము తినవద్దనియే చెప్పుదుము. ముఖ్యముగా కుక్క ఆరోగ్యము తెలియనప్పుడు, ఆ కోడిని పెరికి కోయు చేతులకే ప్రమాదము. లోతుగా గొయ్యి తీసి సున్నము చల్లి పాతిపెట్టుమని చెప్పి, ఆ పూటకు వారి ఇంటికి ఏదైనను పంపుదుము. పాతిపెట్టక పెంటమీద పారవేసినచో కుక్కలకు కోడి రుచి మరింత మప్పినవారమగుదుము.

మామ్మగారి పెట్ట వారము తిరిగేసరికి నిలువబడి తిన్నది. మూడు వారములకు గాయము పూడినది. పీకుడుపోయిన ఈకలు క్రొత్తగా మొలిచినవి. కత్తిరించినవి, విరిగినవి మాత్రము తరువాతి ఈకరాలుడు వరకు అట్లే ఉండును. గుడ్లు రెండు నెలలు పెట్టలేదు. దెబ్బతిన్న పెట్ట ముందు ఒళ్లు కట్టుకొని తరువాత గుడ్లు పెట్టును గనుక దానికి వేరే మందులేమియు వేయనక్కరలేదు. బాబుకు 28వ దినపు సూది వేయించువరకు ఆసుపత్రి చీటీ మా వేదపాఠశాల హాజరు పుస్తకములోనే పెట్టించితిమి. మూడు సూదులు వేయించి నాలుగవది మరచువారు చాలామంది ఉందురు. కుక్క పదవ దినమునను గొలుసుతో ఆరోగ్యముగానే ఉన్నది. దాని యజమాని ఇంటినుండి మామ్మగారికి ఒక బస్తా నూకలు చేరినవి. ఖరీదు కట్టినట్టా, కానుక ఇచ్చినట్టా అని వారును చెప్పలేదు, ఆమెయు అడుగలేదు.

ఒకసారి కోడిని రుచి చూచిన జంతువు మరల అదే వేళకు, అదే దారిని వచ్చును. కనుక కోడికి కట్టు కట్టిన రాత్రియే గూడు చూచుకొనవలెను. సన్నని కోళ్ల వల కోడిని లోపల ఉంచును గాని కుక్కను బయట ఉంచలేదు. ఒక్క లాగుతో తెగును. వెల్డింగు చేసిన అర అంగుళపు కన్నుల ఇనుప జాలి వేయవలెను. ముంగిస పిల్ల దూరుటకు అంగుళమున్నర సందు చాలును. గూడు నేలకు రెండడుగుల ఎత్తున ఉండవలెను. కుక్క మూతితో త్రోయగా లేచిపోవు గడియకు ప్రక్కన ఒక మేకు కొట్టి చిన్న గొలుసు తగిలింపవలెను. దీపాలు పెట్టక ముందే, కోళ్లను లెక్కించి, తలుపు వేయవలెను. ఆ లెక్క పని ఇంటిలో చిన్నవానికి అప్పగించినచో వాడు మరువడు.